మరణమును కోరే రోగి, సంఘకాపరి బాధ్యత: కారుణ్య మరణముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సంఘకాపరిగా నా సేవలో ఇద్దరు విశ్వాసులు అడిగిన రెండు ప్రశ్నలకు నేను సమయానికి సరియైన జవాబు చెప్పలేకపోయాను.

మొదటిది ఒక తల్లి అడిగినది. ఆమెకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. అది ఎముకలకు ప్రాకింది. ఇక చేయగలిగినది లేదని వైద్యులు ఇంటికి పంపించారు. నేను వెళ్ళి, వాక్యం చదివి, ప్రార్థించి లేవబోతుండగా ఆమె నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, నన్ను త్వరగా తీసుకుపొమ్మని ప్రభువును అడగండి. ఆయన వినకపోతే డాక్టరుగారినైనా అడగండి" అన్నది. "అలా అనకూడదమ్మా, పాపం" అని చెప్పి వచ్చేశాను.

రెండవది ఒక కుమారుడు అడిగినది. అతని తండ్రికి మెదడులో రక్తస్రావం జరిగి, పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. కోలుకునే ఆశ లేదని వైద్యులు చెప్పారు. ఉన్న ఎకరం పొలం అప్పటికే తాకట్టులో ఉంది. చివరకు, వైద్యుల సలహాకు విరుద్ధంగా రోగిని తీసుకుపోతున్నామని వ్రాసివున్న కాగితంపై కుమారుడు సంతకం చేసి, తండ్రిని అంబులెన్సులో బయలుదేరదీశాడు. ఊరి పొలిమేర చేరేసరికి ప్రాణం పోయింది. భూస్థాపన జరిగిన కొన్నాళ్ళకు ఒక సంఘపెద్ద, "గొట్టం తీయించి నాయనను నువ్వే చంపుకున్నావు" అన్నాడు. అప్పటినుండి ఆ కుమారుడు ఆరాధనకు వచ్చేవాడు గాని ప్రభువు బల్ల దగ్గరకు వచ్చేవాడు కాదు. ఒకనాడు నన్ను సూటిగా అడిగాడు: "అయ్యగారూ, నేను చేసింది హత్యేనా?" ప్రార్థన చేద్దామన్నాను గాని, అవునని గాని కాదని గాని చెప్పలేదు.

మొదటి సందర్భంలో తొందరపడి మాట్లాడాను. రెండవ సందర్భంలో మాట్లాడవలసినప్పుడు మౌనంగా ఉన్నాను. రెంటికీ కారణం ఒక్కటే. చంపడం, చావనివ్వడం, నొప్పి తీర్చడం అనే మూడింటి మధ్యనున్న భేదం నాకు స్పష్టంగా తెలియదు. మన సంఘాలలో అనేకమంది సేవకుల పరిస్థితి ఇదేనని నా అనుభవం. ఈ వ్యాసంలో ఆ భేదాన్ని చట్టం, వాక్యం, సంఘ సంప్రదాయం వెలుగులో పరిశీలిద్దాం. నేను చెప్పదలచినది ఇది: సంఘము మొదటిదానిని అంగీకరించలేదు. అయితే రెండవదాని విషయంలో నిందలు మాని, మూడవదానికి నడుము కట్టినప్పుడే మన "వద్దు" అనే మాటకు విలువ ఉంటుంది.

1. పదాల స్పష్టత

"యూథనేసియా" అనే మాటకు మూలం గ్రీకు భాష. "యూ" అనగా మంచి, "థానటోస్" అనగా మరణం. తెలుగులో దీనిని కారుణ్య మరణం అంటున్నాము. అయితే ఈ ఒక్క పేరు క్రింద వేరువేరు క్రియలు కలిసిపోవడం వలననే చర్చలో గందరగోళం పుడుతున్నది.

(అ) క్రియాశీల కారుణ్య మరణం: రోగి కోరికపై వైద్యుడే ప్రాణం తీసే మందు ఎక్కించడం. నెదర్లాండ్స్, బెల్జియం దేశాలు 2002లో, కెనడా 2016లో దీనిని షరతులతో చట్టబద్ధం చేశాయి.

(ఆ) వైద్య సహాయంతో మరణం: వైద్యుడు మందు వ్రాసి ఇస్తాడు, రోగి దానిని తానే తీసుకుంటాడు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 1997 నుండి ఇది అమలులో ఉంది. ఆరు నెలలకు మించి బ్రతకడని ఇద్దరు వైద్యులు నిర్ధారించిన రోగికే అక్కడ ఈ అవకాశం.

(ఇ) చికిత్సను నిలిపివేయడం: ప్రయోజనం లేని వెంటిలేటర్ వంటి సాధనాలను తొలగించడం, లేదా అసలు మొదలుపెట్టకపోవడం. మన న్యాయస్థానాలు దీనికి "పాసివ్ యూథనేసియా" అని పేరు పెట్టాయి. ఆ పేరు తప్పుదారి పట్టిస్తుందని చెప్పే వైద్యులు అనేకులున్నారు.

(ఈ) ఉపశమన చికిత్స: వ్యాధి నయం కాదని తెలిసినప్పుడు నొప్పిని, ఆయాసాన్ని, భయాన్ని తగ్గించే వైద్యం. దీనిని పాలియేటివ్ కేర్ అంటారు.

మొదటి రెండింటిలో మరణమే ఉద్దేశం. మందే మరణానికి కారణం. మూడవదానిలో మరణానికి కారణం వ్యాధి. మనిషి చేసినదల్లా ఫలితం లేని పోరాటం ఆపడం. నాలుగవదానిలో మరణం ఉద్దేశమూ కాదు, సాధనమూ కాదు. నీతిశాస్త్ర దృష్టితో ఒక క్రియను తూచేటప్పుడు "ఏమి ఉద్దేశించారు?" "ఏది కారణమైంది?" అనే ఈ రెండు ప్రశ్నలను మరువరాదు.

2. మన దేశంలో చట్టం

ఈ చర్చ మనకు దూరదేశపు విషయం కాదు. 2004లో హైదరాబాదులో చికిత్స పొందుతున్న కె. వెంకటేష్ అనే 25 ఏళ్ళ యువకుని సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అతడు చదరంగం క్రీడాకారుడు. డుషెన్ కండర క్షీణత అనే జన్యువ్యాధి అతని శరీరాన్ని క్రమంగా నిర్వీర్యం చేసింది. తన అవయవాలు పాడైపోకముందే తనను చనిపోనిచ్చి, వాటిని ఇతరులకు దానం చేయమని కోరాడు. తల్లి ఆ కోరికతో ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం అటువంటి దానానికి మెదడు మరణించినట్లు ధ్రువీకరణ ఉండాలి గనుక కోర్టు అనుమతించలేదు. 2004 డిసెంబరులోనే అతడు కన్నుమూశాడు.

అంతకు ముందు 1996లో జియాన్ కౌర్ కేసులో, రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో చనిపోయే హక్కు ఇమిడిలేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2011 మార్చి 7న అరుణా శానబాగ్ కేసులో ముఖ్యమైన తీర్పు వచ్చింది. అరుణ ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు. 1973లో జరిగిన అమానుష దాడి వలన మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైంది. ఆమెకు ఆహారం నిలిపివేయాలని ఒక రచయిత్రి వేసిన పిటిషన్‌ను కోర్టు త్రోసిపుచ్చింది. అయినా, కఠిన నియమాలకు లోబడి చికిత్సను నిలిపివేయవచ్చుననే సూత్రాన్ని అంగీకరించింది. ఆమె 2015 మే నెలలో న్యుమోనియాతో మరణించింది. అన్నాళ్ళూ తమ సహోద్యోగిని తరాలు మారుతున్నా వంతులవారీగా చూసుకున్నది ఆ ఆసుపత్రి నర్సులే. అన్నేళ్ళు మంచంలో ఉన్న ఆమె శరీరంపై పడక పుండ్లు లేకపోవడాన్ని కోర్టు కూడా గమనించింది.

2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా మరణించడం 21వ అధికరణంలో భాగమని ప్రకటించి, ముందస్తు వైద్య నిర్దేశాలకు, అనగా "లివింగ్ విల్"కు చట్టబద్ధత కల్పించింది. 2023 జనవరిలో ఆ విధానాన్ని సరళం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేత గాని గెజిటెడ్ అధికారి చేత గాని ధ్రువీకరింపజేసుకుంటే చాలు. చికిత్సను నిలిపివేయాలంటే ఆసుపత్రి ఏర్పాటు చేసిన వైద్యుల బోర్డు, ఆపైన మరొక బోర్డు అంగీకరించాలి. కుటుంబ సభ్యుల సమ్మతి ఉండాలి. అయితే ప్రాణం తీసే మందు ఇవ్వడం, ఆత్మహత్యకు సహాయపడడం 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత క్రింద కూడా నేరాలే.

3. సమర్థించేవారి వాదనలు

ఎదుటివారి వాదాన్ని బలహీనంగా చూపించి ఖండించడం న్యాయం కాదు. వారి వాదనలు ప్రధానంగా మూడు. ఒకటి స్వయం నిర్ణయం: నా శరీరం, నా బాధ, కనుక నిర్ణయం నాది. రెండు కనికరం: గిలగిలలాడే పశువును చూచి జాలిపడతాము, మనిషిని మాత్రం ఎందుకు బాధపడనిస్తాము? మూడు గౌరవం: ఇతరులపై పూర్తిగా ఆధారపడి, స్పృహ లేక బ్రతకడంకంటె సకాలంలో వెళ్ళిపోవడం మర్యాద.

ఇవి నాస్తికుల మాటలని కొట్టివేయలేము. కాంటర్బరీ మాజీ ఆర్చిబిషప్పు జార్జ్ కేరీ 2014లో, దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్పు డెస్మండ్ టూటూ 2016లో సహాయక మరణాన్ని బహిరంగంగా సమర్థించారు. దేవుడు అప్పగించిన జీవమునకు బాధ్యుడైన మానవుడు దాని చివరి ఘడియకు కూడా బాధ్యుడేనన్నది కథోలిక వేదాంతి హాన్స్ కూంగ్ వాదనలోని సారం. వీరి కనికరాన్ని మనం శంకించనక్కరలేదు. ఆ కనికరం ఎంచుకున్న మార్గం సరియైనదా అన్నదే ప్రశ్న.

4. వాక్యపు సాక్ష్యం

మరణాన్ని కోరుకున్న భక్తులు బైబిలులో పలువురున్నారు. మోషే (సంఖ్యా 11:15), ఏలీయా (1 రాజులు 19:4), యోబు (యోబు 6:8-9), యోనా (యోనా 4:3) అందరూ తమ ప్రాణం తీసుకొమ్మని దేవుని వేడుకున్నారు. పౌలు కూడా వెళ్ళిపోవడమే తనకు మేలని తలంచి, సంఘం కొరకు ఉండిపోవడానికి ఒప్పుకున్నాడు (ఫిలిప్పీ 1:21-24). కనుక మరణాన్ని కోరడమే పాపమని నేను ఆ తల్లికి చెప్పినది వాక్యానుసారం కాదు. వీరంతా ఆ కోరికను దేవుని ఎదుట పెట్టారు గాని తమ చేతిలోనికి తీసుకోలేదు. భేదం అక్కడున్నది.

ఏలీయాకు దేవుడిచ్చిన జవాబు గమనించదగినది. ఆయన గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, దూత చేత తట్టి లేపించాడు. తరువాత పని అప్పగించి, ఎలీషాను తోడిచ్చాడు. విశ్రాంతి, ఆహారం, స్పర్శ, పని, తోడు. మరణాన్ని కోరేవానికి ఏమి కొరవడిందో ఆ వరుస చూపిస్తున్నది.

సౌలు మరణ వృత్తాంతం ఈ చర్చకు మరింత దగ్గరగా ఉంది. గాయపడిన రాజు బ్రతిమాలినందున, అతడు ఎలాగూ బ్రతకడని తలంచి తానే చంపానని అమాలేకీయుడు చెప్పుకున్నాడు. దావీదు అతనికి మరణశిక్ష విధించాడు (2 సమూయేలు 1:6-16). ఇక్కడ జాగ్రత్త అవసరం. సౌలు తన కత్తిమీద తానే పడ్డాడని 1 సమూయేలు 31 చెబుతున్నది గనుక అమాలేకీయుడు అబద్ధమాడి ఉండవచ్చు. పైగా దావీదు తీర్పుకు ఆధారం సౌలు అభిషిక్తుడనే సంగతి. కాబట్టి ఈ భాగాన్ని సూటియైన నిషేధంగా వాడలేము. అయితే "అతడే అడిగాడు, ఎలాగూ బ్రతకడు" అన్న సమాధానం దావీదు ఎదుట నిలువలేదన్నది మాత్రం నిజం.

ఆరవ ఆజ్ఞ (నిర్గమ 20:13) నిర్దోషి ప్రాణాన్ని మన అధికారం వెలుపల ఉంచుతున్నది. బ్రతికినా చనిపోయినా మనం ప్రభువు వారమని రోమా 14:7-8 బోధిస్తున్నది. స్వయం నిర్ణయ వాదానికి క్రైస్తవ జవాబు ఇదే: నా జీవం నాది మాత్రమే కాదు. వెంకటేష్ కోరిక నిరాశలోనుండి కాక, ఇతరులకు మేలు చేయాలనే తలంపులోనుండి పుట్టింది గనుక మన హృదయాన్ని కదిలిస్తుంది. అతనిని నిందించడం మన పని కాదు. అయినా ఒక మనిషిని అతని అవయవాల కొరకు చంపవచ్చునని ఒప్పుకుంటే, ఎంత మంచి ఉద్దేశంతోనైనా, మనిషి సాధనమైపోతాడు. దానం చేయాలంటే మరణం తరువాత చేయవచ్చు. విశ్వాసులను అందుకు ప్రోత్సహించాలి కూడా.

మరొక మాట. సిలువపై యేసు బోళము కలిపిన ద్రాక్షారసాన్ని త్రాగలేదు గనుక (మార్కు 15:23) విశ్వాసి నొప్పి మందు కోరకూడదని కొందరు బోధిస్తున్నారు. అది ఆయన ఒక్కడే త్రాగవలసిన పాత్రకు సంబంధించినది. మనకు విధించిన నియమం కాదు. నశించబోయేవానికి ఉపశమనం కలిగించమని సామెతలు 31:6 సూచిస్తున్నది గదా.

5. సంఘ సంప్రదాయం, చరిత్ర పాఠం

అగస్టీను "దేవుని పట్టణము" మొదటి భాగంలోనే ఆత్మహత్యను త్రోసిపుచ్చాడు. థామస్ అక్వీనాస్ దానికి మూడు కారణాలు చూపాడు: అది మనిషి తనకు తాను చేసుకునే అన్యాయం, సమాజానికి చేసే అన్యాయం, జీవదాతయైన దేవుని హక్కును అతిక్రమించడం. ఆత్మరక్షణను గూర్చి అతడు వ్రాసిన మాటలనుండి "ద్వంద్వ ఫలిత సూత్రం" రూపొందింది. ఒక మంచి క్రియకు మనం ఉద్దేశించని చెడు ఫలితం కూడా ఉండవచ్చని ముందే తెలిసినా, తగిన కారణముంటే ఆ క్రియ తప్పు కాదు. 1957లో పోపు పన్నెండవ పయస్ వైద్యులతో మాట్లాడుతూ, ప్రాణం నిలపడానికి అసాధారణ సాధనాలు వాడితీరాలన్న విధి ఎవరికీ లేదని స్పష్టం చేశారు. ప్రొటెస్టంటు నీతివేత్తలలోనూ చాలామంది ఈ భేదాన్ని అంగీకరిస్తారు. జీవం దేవుని వరమే గాని దేవుడు కాదు. దానిని ఏ మూల్యమైనా చెల్లించి పట్టుకొని వ్రేలాడడం కూడా ఒక విధమైన విగ్రహారాధనే.

1939-41 మధ్య జర్మనీలో నాజీ ప్రభుత్వం వికలాంగులను, మానసిక రోగులను డెబ్బది వేలమందికి పైగా "కరుణ" పేరుతో చంపించింది. 1941 ఆగస్టు 3న మ్యున్‌స్టర్ బిషప్పు ఫోన్ గాలెన్ ప్రసంగ వేదికనుండి దానిని బహిరంగంగా ఖండించాడు. ఆ నెలలోనే ఆ కార్యక్రమాన్ని అధికారికంగా ఆపివేశారు. రహస్యంగా మాత్రం హత్యలు సాగాయి. నేటి చట్టాలు రోగి సమ్మతిపై ఆధారపడినవి గనుక వాటిని దీనితో సమానం చేయడం న్యాయం కాదు. అయినా కొన్ని జీవితాలు బ్రతకదగినవి కావని సమాజం ఒకసారి ఒప్పుకుంటే బలహీనులకు భయం పట్టుకుంటుంది. మన ఇళ్ళలో వృద్ధులు "మీకు భారమైపోయాను" అని రోజూ అంటుంటారు. ఆసుపత్రి బిల్లు చూచి కొడుకులు గుసగుసలాడుకునే ఇంట్లో, చనిపోవడానికి అడిగే హక్కు త్వరలోనే అడిగితీరవలసిన బాధ్యతగా మారుతుంది. పేదలున్న దేశంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

6. నొప్పి సంగతి

ఇంతవరకు చెప్పినదంతా నిజమే అయినా, నొప్పితో అరిచే మనిషి ప్రక్కన కూర్చొని దానిని వల్లించడం క్రూరత్వం. ఇంగ్లాండులో నర్సుగా పనిచేసి, తరువాత వైద్యురాలైన క్రైస్తవ విశ్వాసి సిసిలీ సాండర్స్ దీనిని బాగా ఎరిగినది. 1967లో ఆమె లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించింది. మరణించేవారి బాధ శరీరానికి మాత్రమే చెందినది కాదనీ, మనస్సు, కుటుంబం, ఆత్మ కూడా అందులో ఉన్నాయనీ బోధించి "సంపూర్ణ వేదన" అనే భావనను వైద్యరంగానికి అందించింది. కారుణ్య మరణాన్ని వ్యతిరేకిస్తూనే, దానికి బదులు ఏమి చేయవచ్చో చేసి చూపించింది.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వలన మార్ఫిన్ దొరకడం కష్టమైంది. నల్లమందు పండించే దేశంలోనే క్యాన్సర్ రోగులు నొప్పితో చనిపోయారు. 2014 సవరణ తరువాత నియమాలు సడలాయి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగం ఉంది. కేరళలో గ్రామస్థులే స్వచ్ఛంద సేవకులుగా మంచాన పడినవారి ఇళ్ళకు వెళ్ళే ఉద్యమం వేళ్ళూనింది. మార్ఫిన్ ఇస్తే త్వరగా చనిపోతారనీ, వ్యసనమౌతుందనీ మన ప్రజలలో భయం ఉంది. వైద్యుని పర్యవేక్షణలో సరియైన మోతాదులో నొప్పికి వాడినప్పుడు ఆ భయానికి ఆధారం లేదు.

7. సంఘకాపరి చేయవలసినది

(1) మరణాన్ని కోరే రోగిని గద్దించవద్దు. "ఏ బాధ ఎక్కువగా ఉందమ్మా?" అని అడిగి వినాలి. నొప్పా, భయమా, ఒంటరితనమా, అప్పా అన్నది తెలుసుకోవాలి.

(2) నొప్పి అని తెలిస్తే ప్రార్థనతో ఆగక, ఉపశమన చికిత్స ఎక్కడ దొరుకుతుందో విచారించి కుటుంబాన్ని పంపాలి. ఈ సమాచారం ప్రతి కాపరి దగ్గర ఉండాలి.

(3) వెంటిలేటర్ నిర్ణయం ముందున్న కుటుంబంతో వైద్యుల దగ్గరకు వెళ్ళాలి. "దీనివలన కోలుకునే అవకాశం ఉన్నదా, మరణాన్ని ఆలస్యం చేయడమేనా?" అని అడగడానికి వారికి తోడుండాలి. కాగితంపై సంతకం చేసి తీసుకుపోవడం తప్ప దారి లేదనుకునేవారికి చట్టబద్ధమైన విధానం ఉన్నదని చెప్పాలి.

(4) అద్భుతం జరుగుతుందని ఆశచూపి ఉన్న పొలం అమ్మించవద్దు. చికిత్స ఆపడం అవిశ్వాసమని ప్రకటించవద్దు. స్వస్థపరచడానికి దేవునికి వెంటిలేటర్ అవసరం లేదు.

(5) ముందస్తు వైద్య నిర్దేశాన్ని గూర్చి ఆరోగ్యంగా ఉన్నప్పుడే సంఘంలో బోధించాలి.

(6) రోగిని చూసుకునేవారి కొరకు వంతులు ఏర్పాటు చేయాలి. ఒక రాత్రి నిద్రపోనిచ్చినా అది ఒకరి భారము ఒకరు మోయడమే (గలతీ 6:2).

ముగింపు

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. మా సంఘంలో నర్సుగా పనిచేస్తున్న ఒక సహోదరి నా మాట విని, "అయ్యగారూ, ఆమెకు నొప్పి మందు సరిగా అందడం లేదు" అన్నది. కుటుంబాన్ని ఉపశమన చికిత్సా కేంద్రానికి పంపించాము. మార్ఫిన్ మొదలుపెట్టిన మూడవనాడు నేను వెళ్ళేసరికి ఆమె మనుమరాలిని ప్రక్కలో పడుకోబెట్టుకుని ఉంది. నేను ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. అయిదు వారాలు బ్రతికి, తనవారి మధ్య ప్రభువునందు నిద్రించింది. అందరి బాధ ఇలా తీరుతుందని నేను చెప్పడం లేదు. మందుకు లొంగని వేదన కూడా ఉంది. అటువంటివారి ప్రక్కన మన దగ్గర జవాబు లేకపోయినా కూర్చోవలసినవారము మనమే.

ఆ కుమారుని ఇంటికి కూడా వెళ్ళాను. చేసినది హత్య కాదనీ, తండ్రిని తీసుకున్నది వ్యాధి అనీ, ఆశలేని చికిత్సను ఆపడం పాపము కాదనీ వివరించాను. ఆ రోజున ఎవరైనా అతనికి సరియైన మార్గం చూపి ఉంటే తండ్రి అంబులెన్సులో కాక మంచం మీద, కొంత నెమ్మదితో చనిపోయి ఉండేవాడు. ఆ చూపవలసినవాడను నేనే. సంఘపెద్దను కూడా కూర్చోబెట్టి మాట్లాడాను. కొన్ని నెలల తరువాత ఒక ఆదివారం ఆ కుమారుడు ప్రభువు బల్ల దగ్గరకు వచ్చి మోకరించాడు. నేను రొట్టె విరిచి అతని చేతిలో పెట్టాను.

చట్టాలు మారుతుంటాయి. వాదనలు సాగుతుంటాయి. అయితే రేపు మన సంఘంలో ఒక మంచం ప్రక్కన ఇవే రెండు ప్రశ్నలు మళ్ళీ వస్తాయి. అప్పటికి మనం సిద్ధపడి ఉండులాగున ప్రభువు సహాయం చేయును గాక.